నల్లర్‌బార్ దాటే ముందు: క్యాంపర్‌వ్యాన్ ప్రయాణానికి జాగ్రత్తలు

దక్షిణ ఆస్ట్రేలియాలోని సెడూనా నుంచి పశ్చిమాన నార్స్‌మన్ వరకు నల్లర్‌బార్ మైదానం మీదుగా సాగే ఐర్ హైవే దాదాపు 1,200 కిలోమీటర్లు ఉంటుంది. రెండు రోడ్‌హౌస్‌ల (ఇంధనం, భోజనం దొరికే మజిలీల) మధ్య 180 కిలోమీటర్లు దాటిన చోట్లు కూడా ఉన్నందున, ఎదురుగాలికి ఎత్తైన వ్యాన్ ఎక్కువ ఇంధనం తాగుతుందన్న సంగతి దృష్టిలో పెట్టుకుని, ట్యాంకు సగానికి రాగానే నింపుకోవాలి. తాగునీరు దారిలో దొరుకుతుందని నమ్ముకోకుండా, బండి ఆగిపోయినా రెండు మూడు రోజులకు సరిపడేంత వెంట ఉంచుకోవాలి.

బయలుదేరే ప్రతిసారీ గ్యాస్ సిలిండరు కట్టేసి, అల్మరాల గొళ్లేలను చేత్తో లాగి చూడాలి. ఒక్కటి వదులైనా మొదటి మలుపులోనే పోపుల డబ్బా నేలపాలవుతుంది. ఆ తర్వాత బాలడోనియా, కైగునా మజిలీల మధ్య 146.6 కిలోమీటర్లు మలుపన్నదే లేదు, అక్కడ అసలు శత్రువు నిద్ర.

తెల్లవారుజామున, సందె వేళ కంగారూలు రోడ్డెక్కుతాయి కాబట్టి చీకటి పడకముందే ఆగాలి. అద్దె వ్యాన్ల బీమా చాలావరకు రాత్రి ప్రయాణానికి, మట్టి రోడ్లకు వర్తించదు. ఒప్పందాన్ని సంతకానికి ముందే చదవాలి. బండి చెడితే దాన్ని విడిచి నడవకూడదు.

పశ్చిమ ఆస్ట్రేలియా సరిహద్దులో పంటల చీడపీడలు రాకుండా తనిఖీ ఉంటుంది. తాజా పండ్లు, కూరగాయలు, తేనె అక్కడే వదిలేయాల్సి వస్తుంది కాబట్టి ముందు రోజే వండుకుని తినేయడం మేలు. మన వంటింటి కరివేపాకు మీద కూడా ఆశ పెట్టుకోవద్దు. తూర్పుకు వచ్చేవారికి ఈ తనిఖీ సెడూనాలో జరుగుతుంది.