నైట్ లోర్ ఆడే విధానం: ఎత్తునూ దూరాన్నీ పోల్చుకోవడం

1984లో అల్టిమేట్ ప్లే ది గేమ్ సంస్థ 48కె (48 కిలోబైట్ల మెమరీ ఉన్న) జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్ ఇంటి కంప్యూటర్ కోసం విడుదల చేసిన నైట్ లోర్ వీడియో గేమ్‌ను మొదటిసారి ఆడేవారు ఎక్కువగా ఓడిపోయేది శత్రువుల చేతిలో కాదు, తెర మీది బొమ్మను తప్పుగా చదవడం వల్ల. కాబట్టి మొదటి గంటను గెలవడానికి కాక, చూపును అలవాటు చేసుకోవడానికి కేటాయించడం మంచిది.

కథ చిన్నదే. శాపం వల్ల రాత్రిళ్లు తోడేలుగా మారిపోయే సేబర్‌మ్యాన్, 128 గదుల కోటలో తిరిగి, మాంత్రికుడు మెల్కియోర్ కొప్పెరలో 14 వస్తువులు వేయాలి. అందుకు 40 రోజుల గడువు ఉంటుంది.

ఆట మొదలుపెట్టే ముందు మెనూలో దిశల నియంత్రణను చూసుకోండి. ముందుగా ఉండే పద్ధతిలో రెండు కీలు పాత్రను కుడికీ ఎడమకీ తిప్పుతాయి, మరొకటి ముందుకు నడిపిస్తుంది. అది ఇబ్బందిగా ఉంటే, నొక్కిన దిశలోనే పాత్ర నడిచే పద్ధతిని ఎంచుకోవచ్చు. గది ఏటవాలుగా కనిపిస్తుంది కనుక, ఏ కీ ఏ మూలకు తీసుకెళ్తుందో ఖాళీ గదిలో నాలుగు వైపులా నడిచి తెలుసుకున్నాకే ముళ్లున్న గదుల్లో అడుగుపెట్టాలి.

ఇక అసలు కష్టం. ఈ చిత్రణలో ఒక దిమ్మె తెరపై పైకి కనిపిస్తే, అది మనకు దగ్గరగానే ఎత్తులో ఉండవచ్చు, లేదా నేల మీదే దూరంగా ఉండవచ్చు. నీడలు లేవు కాబట్టి బొమ్మ ఒక్కటే ఆ తేడాను చెప్పదు. తేడా తేల్చడానికి సేబర్‌మ్యాన్‌నే కొలబద్దగా వాడండి. దిమ్మె ఉన్నదనుకున్న చోటికి అతణ్ని నడిపినప్పుడు, అడ్డుతగిలి ఆగితే దిమ్మె నేల మీదే ఉన్నట్టు. ఆగకుండా దాని కిందుగా సాగిపోతే అది గాలిలో ఉన్నట్టు. అతని శరీరాన్ని దిమ్మె కప్పేస్తే అది అతనికంటే మనకు దగ్గరగా ఉంది. గోడను ఆనుకుని నడిస్తే కనీసం ఒక దిశలో స్థానం కచ్చితంగా తెలుస్తుంది, అక్కడి నుంచి దూకితే గురి తప్పడం బాగా తగ్గుతుంది. ఒక్కో గదిని ఒకే రంగులో గీశారు. స్పెక్ట్రమ్‌లో 8×8 పిక్సెళ్ల గడిలో రెండు రంగులకే చోటుండటం వల్ల, ఒకదానిపై ఒకటి వచ్చే బొమ్మల రంగులు కలగాపులగం కాకుండా చేసిన తెలివైన ఏర్పాటు అది.

సేబర్‌మ్యాన్ ఒకేసారి మూడు వస్తువుల వరకు మోయగలడు. అందని ఎత్తు ఎక్కడానికి ఆ వస్తువులే మెట్లు: ఒకదాన్ని కింద పెట్టి, దాని మీద నిలబడి దూకవచ్చు. నాకు ఈ ఆటలో అన్నిటికంటే నచ్చేది ఇదే. దక్కిన ప్రతి వస్తువునూ వెంటనే కొప్పెరకు చేర్చాలన్న తొందర వద్దు, కష్టమైన గదికి ఒకటి దగ్గరుంచుకోండి.

తెర కింది మూలలో సూర్యచంద్రుల కదలికను గమనిస్తూ ఉండండి. రూపం మారుతున్నంతసేపూ పాత్ర మన మాట వినదు కనుక, సూర్యుడు అస్తమించే వేళకు శత్రువులు లేని గదికి చేరుకోవాలి. కొన్ని జీవులు తోడేలు రూపాన్ని మాత్రమే వెంటాడతాయి, కొప్పెర గది కూడా ఆ రూపంలో ప్రమాదకరమే. పగటిపూట మనిషిగా వెళితే కావలసిన తరువాతి వస్తువు కొప్పెర పైన కనిపిస్తుంది.

ఆడిన ప్రతిసారీ వస్తువుల చోట్లు మారతాయి, గదులు మాత్రం మారవు. అందుకే గళ్ల కాగితంపై గదుల పటం గీసుకుని, వస్తువుల చోట్లను పెన్సిల్‌తో రాసుకుంటే, రెండో ఆటకు వాటిని చెరిపేసి అదే పటాన్ని మళ్లీ వాడుకోవచ్చు.