చెక్క ఓడ మోడల్‌కి పలకలు వంచేటప్పుడు

చెక్క ఓడ మోడల్ మొదటినుంచీ సొంతంగా చేస్తున్నవాళ్లకి ఒక మాట. ముక్కు దగ్గర పలకలు విరుగుతుంటే బలవంతంగా వంచకండి, మిల్లీమీటరు మందం పలకైతే వేడినీళ్లలో ఓ పావుగంట నానబెట్టండి, నారల్ని పట్టి ఉంచే లిగ్నిన్ వేడికి మెత్తబడుతుంది కాబట్టి చన్నీళ్ల కంటే వేడినీళ్లే మేలు. తీశాక ఓడ చట్రం మీదే వంచి, బట్టల క్లిప్పులు పెట్టి రాత్రంతా వదిలేయండి. జిగురు మాత్రం పలక పూర్తిగా ఆరాకే పెట్టండి. తడి చెక్క ఉబ్బి ఉంటుంది, అప్పుడే అంటిస్తే ఆరాక వెడల్పు తగ్గి పలకల మధ్య సందులు వస్తాయి, వాటిని పూడ్చడం చాలా విసుగు. ఇంకోటి, ఎడమవైపు ఒక పలక వేస్తే వెంటనే కుడివైపు కూడా ఒకటి వేయండి. ఒకే పక్క వేసుకుంటూ పోతే అడుగున వెన్నులా ఉండే దూలం మెలి తిరుగుతుంది, తర్వాత దాన్ని సరిచేయడం దాదాపు కుదరదు.