పోలీసులు ఆపి పేరు, కార్డు, ఫోను అడిగితే ఏం చేయాలి

వివాదం రేపిన అరెస్టు ఏది జరిగినా చర్చ రెండు మాటల దగ్గరే తిరుగుతుంది. ‘కార్డు చూపిస్తే పోయేది కదా’ అని కొందరు, ‘అసలెందుకు చూపించాలి’ అని ఇంకొందరు. పోలీసులు అడిగేవన్నీ ఒక్క గాటన కట్టడం వల్ల వచ్చే తంటా ఇది. పేరూ చిరునామా, గుర్తింపు కార్డు, ఫోటో లేదా వేలిముద్ర, ఫోను... ఈ నాలుగింటికీ చట్టంలో నాలుగు వేర్వేరు సమాధానాలున్నాయి. 2024 జూలై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్పీసీ) పోయి భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) వచ్చింది కాబట్టి సెక్షన్ల నంబర్లు మారాయి. కింద ఇచ్చినవి కొత్తవి.

పేరు, చిరునామా

చెప్పండి, నిజమే చెప్పండి. సెక్షన్ 39 ప్రకారం, వారంటు లేకుండా అరెస్టు చేయడానికి వీల్లేని చిన్న నేరం పోలీసు కళ్లెదుట జరిగినప్పుడు, లేదా అతని ముందే మీ మీద అలాంటి ఆరోపణ వచ్చినప్పుడు, పేరు చెప్పకపోయినా తప్పుడు పేరు చెప్పారని అనిపించినా అరెస్టు చేయొచ్చు. అంటే మామూలుగా అరెస్టుకే వీల్లేని వ్యవహారం మీ మౌనం వల్ల అరెస్టు దాకా పోతుంది. అయితే ఆ అరెస్టు పేరు, చిరునామా తేల్చుకోవడానికే. తేలగానే పూచీకత్తు మీద వదిలేయాలి. 24 గంటల్లో తేలకపోతే మేజిస్ట్రేటు ముందు పెట్టాలి.

ఏ ఆరోపణా లేకుండా దారిన పోతున్నవాణ్ణి ఆపి అడిగితే ఈ సెక్షన్ వర్తించదు. అయినా రోడ్డు మీద ఆ వాదన పెట్టుకోకండి. సెక్షన్ 172 కింద, చట్టబద్ధంగా ఇచ్చిన ఆదేశాన్ని పాటించనివారిని అదుపులోకి తీసుకునే లేదా అక్కడి నుంచి తప్పించే అధికారం పోలీసులకు కొత్తగా వచ్చింది. ఆ ఆదేశం చట్టబద్ధమా కాదా అన్నది తర్వాత కోర్టులో తేలుతుంది, నడిరోడ్డు మీద కాదు.

కార్డు

మామూలు పౌరుడు జేబులో ఆధార్ గానీ ఇంకే కార్డు గానీ పెట్టుకునే తిరగాలన్న చట్టం లేదు. కార్డు లేకపోవడం నేరం కాదు. ‘కార్డు తేలేదు సార్, పేరు ఇది, ఇల్లు ఫలానా చోట, కావాలంటే ఇంటికి ఫోన్ చేసి అడగండి’ అంటే సరిపోవాలి.

బండి నడుపుతుంటే లెక్క వేరు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 130 ప్రకారం యూనిఫాంలో ఉన్న పోలీసు అడిగితే లైసెన్సు చూపించాల్సిందే. డిజిలాకర్‌లో గానీ ఎంపరివాహన్‌లో గానీ ఉన్నది చెల్లుతుంది. చాలామంది గ్యాలరీలో దాచుకున్న లైసెన్సు ఫోటో చూపించి గొడవ పడతారు. అది చెల్లదు, యాప్ తెరిచే చూపించాలి. సిగ్నల్ లేనిచోట ఇబ్బంది పడకుండా అసలు కార్డు కూడా దగ్గర ఉంచుకోవడం మేలు.

ఫోటో, వేలిముద్ర

2021 మేలో హైదరాబాద్‌లో ఒక సామాజిక కార్యకర్తను ఆపి, మాస్కు తీయమని ఫోటో తీసిన వ్యవహారం తెలంగాణ హైకోర్టుకు వెళ్లింది. ముఖాలను గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ మీద చర్చ అక్కడ గట్టిగా మొదలైంది. 2022 నాటి క్రిమినల్ ప్రొసీజర్ ఐడెంటిఫికేషన్ చట్టం వేలిముద్రలు, ఫోటోలు, కనుపాపల వివరాలు తీసుకునే అధికారం ఇచ్చింది గానీ, అది శిక్ష పడినవారికి, అరెస్టయినవారికి, మంచి నడవడికకు పూచీకత్తు రాయమని ఆదేశం వచ్చినవారికి. అరెస్టు కానివారి వేలిముద్రలు కావాలంటే బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 349 కింద మేజిస్ట్రేటు ఆదేశం ఉండాలి. ‘ఏ సెక్షన్ కింద తీస్తున్నారు సార్?’ అని ఒకసారి అడగండి, మీకు ఇష్టం లేదని మర్యాదగా చెప్పండి. చేయి మాత్రం అడ్డం పెట్టొద్దు. చేయి అడ్డం పెడితే ‘విధులకు ఆటంకం’ కేసు (ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత, అంటే బీఎన్ఎస్, సెక్షన్ 221), ఇంకొంచెం పెనుగులాట జరిగితే పోలీసు మీద చేయి చేసుకున్నారని అదే చట్టం సెక్షన్ 132 పడతాయి. అప్పుడు మొదట్లో ఎందుకు ఆపారన్న ప్రశ్నే మరుగున పడిపోతుంది.

ఫోను

2021 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు యువకుల్ని ఆపి వాట్సాప్‌లో గంజాయి మాట కోసం వెతికిన వీడియోలు దేశమంతా తిరిగాయి. తనిఖీ పేరుతో అన్‌లాక్ చేయించుకునే అధికారం రోడ్డు మీద లేదు. దర్యాప్తుకు ఫోను కావాలంటే సెక్షన్ 94 కింద రాతపూర్వకంగా అడగాలి. స్వాధీనం చేసుకుంటే జాబితా రాయాలి, సెక్షన్ 105 ప్రకారం ఆ తంతును వీడియో తీయాలి. ఆ జాబితాలో మీ ఫోను మోడలు, ఐఎంఈఐ నంబరు (ప్రతి ఫోనుకూ విడిగా ఉండే గుర్తింపు నంబరు) ఉన్నాయో లేదో చూడండి. నంబరు లేకపోతే తర్వాత ఏ ఫోను తీసుకున్నారన్న దానికి మీ దగ్గర ఆధారం ఉండదు.

వాళ్ల పేరు మీరూ అడగొచ్చు

అరెస్టు చేసే పోలీసు పేరు స్పష్టంగా కనిపించాలని సెక్షన్ 36 చెబుతోంది. మఫ్టీలో వస్తే గుర్తింపు కార్డు, ఏ స్టేషన్ అన్నది అడగండి. అనుమానం ఉంటే 112కి ఫోన్ చేసి నిర్ధారించుకోండి.

‘స్టేషన్‌కి రా, సారు మాట్లాడతారు’

చాలా అరెస్టు వివాదాలు ఈ మాటతోనే మొదలవుతాయి. నోటీసు అడగండి. నిందితుడికైతే సెక్షన్ 35(3) కింద, సాక్షికైతే సెక్షన్ 179 కింద ఇవ్వాలి. సాక్షిగా అయితే ఆడవాళ్లను, 60 దాటినవాళ్లను, 15 ఏళ్లలోపు మగపిల్లలను ఇంటి దగ్గరే అడగాలి, స్టేషన్‌కు రమ్మనకూడదు. 35(3) నోటీసు వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025లో సుప్రీంకోర్టు చెప్పింది. నోటీసు చేతికొస్తే మాత్రం తప్పక వెళ్లండి. వెళ్లినన్నాళ్లూ అరెస్టు చేయడం కష్టం, కారణాలు రాయాలి. వెళ్లకపోయినా, మీరెవరో చెప్పడానికి నిరాకరించినా 35(6) కింద అరెస్టుకు దారి దొరుకుతుంది.

అరెస్టు చేస్తే కాగితాన్ని చదవండి

అరెస్టు మెమోలో, అంటే అరెస్టు వివరాలు రాసే కాగితంలో, మూడు చోట్ల చూపు నిలపండి. మొదటిది సమయం. మధ్యాహ్నం పట్టుకుని రాత్రి అరెస్టని రాస్తే, మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాల్సిన 24 గంటల లెక్క ఆలస్యంగా మొదలైనట్టవుతుంది. పట్టుకున్న క్షణం నుంచే లెక్కించాలని 2024లో తెలంగాణ హైకోర్టు తేల్చింది. మెమోలో సమయం తప్పుగా ఉంటే సంతకం పక్కనే అసలు సమయం మీ చేత్తో రాయండి. రెండోది సాక్షి సంతకం. ఇంటివాళ్లలో ఒకరిది గానీ ఆ ప్రాంతంలోని పెద్దమనిషిది గానీ ఉండాలి. మూడోది మీ సంతకం. ఖాళీ కాగితం మీద పెట్టొద్దు.

అరెస్టుకు కారణాలు వేరే కాగితంలో రావాలి, అదీ మీకు అర్థమయ్యే భాషలో. రిమాండుకు హాజరుపరచడానికి కనీసం రెండు గంటల ముందు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2025 నవంబరులో చెప్పింది. సెక్షన్ల నంబర్లు మాత్రమే రాసి ఇస్తే అవి కారణాలు కావు. మీరేం చేశారని అంటున్నారో అందులో ఉండాలి. తెలుగు మాత్రమే వచ్చినవాళ్లు ఇంగ్లిషు కాగితం ఇచ్చారని మేజిస్ట్రేటుకు అక్కడికక్కడే చెప్పాలి. దెబ్బలు తగిలి ఉంటే ముందు డాక్టరుకు, తర్వాత మేజిస్ట్రేటుకు చూపించండి. మొదటిరోజు రికార్డులోకి ఎక్కని దెబ్బను తర్వాత నిరూపించడం చాలా కష్టం.

ఇంటివాళ్ల పని

ఎన్ని గంటలకు, ఎక్కడి నుంచి, ఎవరు, ఏ బండిలో తీసుకెళ్లారో వెంటనే రాసిపెట్టుకోండి. దగ్గర్లోని షాపుల సీసీ కెమెరా ఫుటేజీ ఆరోజే కాపీ తీసుకోండి. కొద్ది రోజుల్లో దానంతట అదే చెరిగిపోతుంది. లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే ఉచిత న్యాయసహాయం నంబరు 15100కు ఫోన్ చేయండి. కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం హక్కు. సెక్షన్ 37 ప్రకారం అరెస్టయినవారి పేర్లు స్టేషన్‌లోనూ జిల్లా కేంద్రంలోనూ ప్రదర్శించాలి. అక్కడ పేరు లేకుండా, మనిషి ఎక్కడున్నాడో చెప్పకుండా 24 గంటలు దాటితే హైకోర్టులో హెబియస్ కార్పస్ (మనిషిని కోర్టు ముందు హాజరుపరచమని కోరే పిటిషన్) వేయొచ్చు. ఆ పిటిషన్‌లో లాయరు ముందుగా అడిగేది మీరు రాసిపెట్టుకున్న ఆ సమయం, ఆ బండి వివరాలు.