చూపు లేని పిల్లలకు దారి నేర్పేటప్పుడు

చూపు లేని పిల్లలకు సొంతంగా తిరగడం నేర్పేవాళ్లని మొబిలిటీ టీచర్లు అంటారు. కొత్తగా చేరినవాళ్లు చాలామంది ముందు పిల్లలతో అడుగులు లెక్కపెట్టిస్తారు. గేటు నుంచి కిరాణా కొట్టుకి ఇన్ని, అక్కడి నుంచి మలుపుకి ఇన్ని అని. దయచేసి ఆ అలవాటు చేయకండి. దారిలో ఎవరైనా పలకరిస్తే లెక్క పోతుంది, ఆలస్యమై గబగబా నడిచినా పోతుంది. పిల్లాడు పొడుగైతే పాత లెక్క అసలు పనికే రాదు. ‘ఇప్పుడు నేనెక్కడున్నాను, ఆ సంగతి నాకెలా తెలిసింది’ అని తనను తాను అడగడం వాడికి రావాలి. సికింద్రాబాద్‌లో హైస్కూలు పిల్లలకు నేను నేర్పేదంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ముందు స్టిక్, అంటే చేతిలో పట్టుకునే తెల్లకర్ర సంగతి. నేల మీద నిటారుగా నిలబెడితే పైకొన రొమ్ము ఎముక దాకా రావాలి. వేగంగా నడిచేవాళ్లకు ఇంకాస్త పొడుగున్నా మంచిదే. ఎదిగే పిల్లలకు పొడవు తరచూ చూసి మార్చాలి. క్యాంపులో ఎప్పుడో ఇచ్చిన పొట్టి స్టిక్‌తో నడుం వంచి నడిచే పిల్లలు ఇప్పటికీ కనిపిస్తారు. చెయ్యి బొడ్డుకు ఎదురుగా ఉండాలి, చూపుడువేలు పిడి మీద బారుగా చాపాలి. కొన భుజాల వెడల్పు కన్నా అంగుళం అటూ ఇటూ పోయేలా ఆడించాలి. కుడికాలు ముందుకేసినప్పుడు కొన ఎడమవైపు తాకాలి, ఎడమకాలు వేసినప్పుడు కుడివైపు. అలా చేస్తే తర్వాతి అడుగు పడే చోటుని ముందే తడిమి చూసుకున్నట్టు. యుద్ధంలో చూపు పోయిన సైనికుల కోసం అమెరికాలో రిచర్డ్ హూవర్ 1944 ప్రాంతంలో తయారుచేసిన పద్ధతి ఇది. మన ఫుట్‌పాత్‌ల మీద మాత్రం కొనని ఎత్తకుండా నేలకి రాస్తూ ఆడించమంటాను. కొనని ఎత్తి తడుతూ పోతే మూత లేని మ్యాన్‌హోలు అంచు తప్పిపోవచ్చు, నేలకి రాస్తూ పోతే దొరుకుతుంది.

నడుముకి పైన ఏముందో స్టిక్ చెప్పదు. ఆగి ఉన్న లారీ వెనక భాగం, సగం దించిన షట్టర్, వినాయక చవితి పందిళ్ల తాళ్లు నేరుగా ముఖానికే తగులుతాయి. అనుమానం ఉన్న చోట రెండో చెయ్యి ముఖం ముందు అడ్డంగా పెట్టి, అరచెయ్యి బయటికి తిప్పి నడవమనండి.

దారిలో గుర్తులు రెండు రకాలు. ట్రాన్స్‌ఫార్మర్ హోరు, ర్యాంపు వాలు, గుడి ముందు గ్రానైట్ మెట్టు ఎప్పుడూ అక్కడే ఉంటాయి. పిండి గిర్నీ వాసన, మిర్చి బజ్జీల నూనె వాసన, చెరుకు రసం బండి గజ్జెలు ఒక పూట ఉంటాయి, ఒక పూట ఉండవు. వీటిని వాడుకోవచ్చు గానీ వీటినే నమ్ముకోకూడదు. మా తొమ్మిదో తరగతి పిల్లాడొకడు మలుపుని గజ్జెల చప్పుడుతోనే గుర్తుపెట్టుకున్నాడు. ఓ సాయంత్రం బండి రాలేదు. వాడు మలుపు దాటి నేరుగా వెళ్లిపోయాడు. వెనకాలే ఉన్నా నేనేమీ అనలేదు. కాస్త దూరం పోయాక వాడే ఆగాడు. “టీచర్, ఎండ ఇంకా ఎడమ చెంప మీదే ఉంది. మలుపు తిరిగుంటే వీపు మీదికి రావాలి కదా” అన్నాడు.

మలుపు దగ్గరే నేను ‘అయ్యో, వెనక్కి రా’ అని అరిచుంటే వాడికి ఎండ సంగతి తట్టేది కాదు. టీచర్‌కి అన్నిటికన్నా కష్టమైన పని నోరు కట్టుకోవడమే. చెయ్యి అందేంత దూరంలో వెనక నడవండి, ప్రమాదమైతేనే మాట్లాడండి, అదీ ఒక్క మాట: ‘ఆగు’. ఆ మాట చెవిన పడగానే కాళ్లు ఆగిపోయేలా ముందే అలవాటు చేయించాలి. ‘జాగ్రత్త’ అని మాత్రం అనకండి. ఆగాలా, వంగాలా, పక్కకి జరగాలా? పిల్లాడికి టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

రోడ్డు దాటడం ఆఖర్న మొదలుపెట్టాలి, ఎక్కువ రోజులు నేర్పాలి. మొదటి క్లాసుల్లో అసలు దాటించను. సిగ్నల్ దగ్గర నిలబెట్టి వినమంటాను. మన ముందు అడ్డంగా పోయే బండ్లేవో, మన పక్కన మనం పోయే వైపే పోతున్న బండ్లేవో విడివిడిగా తెలియాలి. అడ్డంగా పోయేవి ఆగి, పక్కవి ఒక్కసారిగా కదిలినప్పుడు దాటాలి. అవి ముందే కదిలిపోతుంటే ఎంత టైం మిగిలిందో తెలియదు కాబట్టి ఆ గ్రీన్ వదిలేయాలి. ట్రైనింగ్‌లో చెప్పేది ఇంతవరకే. హైదరాబాద్‌లో ఫ్రీ లెఫ్ట్ బండ్లు ఏ సిగ్నల్‌కీ ఆగవు, రాంగ్ రూట్‌లో బైకులొస్తాయి, ఎలక్ట్రిక్ స్కూటర్ మీదికొచ్చేదాకా వినబడదు. అందుకే పెద్ద జంక్షన్‌లో ఒంటరిగా దాటడం గొప్ప అని నేనెప్పుడూ చెప్పను. వాన పడుతుంటే తడి టైర్ల చప్పుడులో అన్నీ కలిసిపోతాయి, అప్పుడు ఎవరినైనా అడిగి తీరాలి.

అడిగితే మనవాళ్లు కాదనరు. చేసే తీరుతోనే చిక్కు. స్టిక్ కొన పట్టుకుని లాగుతారు, భుజాలు పట్టుకుని ముందుకి తోస్తారు, ఏ రోడ్డో వినకుండా ఇంకో రోడ్డు దాటించి ‘వెళ్లు నాన్నా’ అని దీవించి పోతారు. కాబట్టి ముందే క్లాసులో నేను అంకుల్ వేషం వేసి పిల్లల స్టిక్ లాగుతాను. వాళ్లు తడుముకోకుండా చెప్పాలి: “అంకుల్, స్టిక్ వదలండి. నేనే మీ చెయ్యి పట్టుకుంటా, మీరు ముందు నడవండి.” మోచేతికి కాస్త పైన పట్టుకుని అర అడుగు వెనక నడిస్తే మెట్టు ఎక్కినా దిగినా ఆ చేతిలోనే తెలుస్తుంది. అమ్మాయిలతో ఇంకో మాట గట్టిగా అనిపిస్తాను: “వద్దు అన్నయ్యా, నేనే వెళ్తాను.” నలుగురికీ వినబడేంత గొంతు రావాలి. మొదట్లో సిగ్గుపడతారు, వదలకండి.

సిటీ బస్సుల్లో ఆడవాళ్లు ముందు డోరు నుంచి ఎక్కుతారు. 2023 డిసెంబర్‌లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం మొదలయ్యాక అక్కడ రద్దీ పెరిగింది, అందుకని జీరో టికెట్ కోసం ఆధార్ ముందే చేతిలో ఉంచుకోమంటాను. వచ్చిన బస్సు నంబరేదో స్టాప్‌లో ఒకరినీ, ఎక్కాక కండక్టర్‌నీ అడగాలి. మెట్రో నయం. స్టేషన్‌లో నేల మీది పసుపు పలకల మీద ఉబ్బెత్తు గీతలు కాలికి తగిలితే నడవచ్చు, చుక్కలు తగిలితే ఆగాలి. జపాన్‌లో సెయిచి మియాకె ఆలోచన అది, 1967లో ఒకాయామాలో మొదటిసారి వేశారు. ప్లాట్‌ఫాం అంచు దగ్గర చుక్కలు తగిలాక రైలు వచ్చి తలుపు తెరిచేదాకా ఒక్క అడుగు కూడా వేయకూడదు.

కొద్దిగా చూపున్న పిల్లలు స్టిక్‌ని బ్యాగులో దాచేస్తారు. వాళ్లతో గొడవ పడకుండా పొద్దుగూకాక బయటికి తీసుకెళ్లండి, వాళ్లే తీస్తారు.

ఇవన్నీ వచ్చాక ఆటోలో నాలుగు మలుపులు తిప్పి, తెలిసిన పేటలోనే ఎక్కడో దింపి హాస్టల్‌కి రమ్మంటాను. మనుషుల్ని అడగొచ్చు. ఫోన్‌లో తెర మీదున్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ వాడొచ్చు, ఇయర్‌ఫోన్ ఒక చెవికే. తల్లిదండ్రుల సంతకం, ఫోన్‌లో చార్జింగ్ ముందే చూసుకోండి. “వెనకాల వస్తారా టీచర్?” అని తప్పకుండా అడుగుతారు. వచ్చేట్టయితే వస్తానని, లేకపోతే రానని ఉన్నదున్నట్టు చెప్పండి. ఒక్కసారి అబద్ధం దొరికితే ఆ తర్వాత ప్రతి అడుగులోనూ మీ చెప్పుల చప్పుడు కోసమే వింటారు, బండ్ల చప్పుడు వినరు.