మిల్లు లెక్కల యాక్సెస్ ఫైలును సర్వర్ టేబుళ్లకు కలిపే తీరు

మిర్యాలగూడ రైస్ మిల్లుల్ల కాంటా చిట్టీలు, వడ్ల కొనుగోళ్లు, హమాలీ లెక్కలు మైక్రోసాఫ్ట్ యాక్సెస్ అనే డేటాబేస్ ప్రోగ్రాంలనే రాసేటోళ్లు ఇంకా ఉన్నరు. యాసంగి వడ్లు గేటు ముందర లైను కట్టినప్పుడు గుమస్తాకు కొత్త సాఫ్ట్‌వేర్ నేర్పుడు అన్యాయం. కానీ కాంటా రూముల ఒకరు, ఆఫీసుల ఇద్దరు ఒకటే ఫైలు తెరిచి రాస్తుంటే, నడుమ కరెంటు పోతే ఆ ఫైలు పాడయ్యే ప్రమాదం ఉంటది. పైగా యాక్సెస్ ఫైలు 2 జీబీ దాటదు. అందుకే ఫారాలు, రిపోర్టులు యాక్సెస్‌ల ఉంచి, టేబుళ్లు మాత్రం ఎస్‌క్యూఎల్ సర్వర్‌కు (నెట్‌వర్క్ మీద నలుగురు ఒకేసారి వాడే మైక్రోసాఫ్ట్ డేటాబేస్) మార్చుమని నేను చెప్తా. దాండ్ల ఎక్స్‌ప్రెస్ ఎడిషన్‌కు పైసలు కట్టే పని లేదు; 2022 వెర్షన్‌ల ఒక్కో డేటాబేస్ 10 జీబీ దాక పెరగొచ్చు.

ఎక్స్‌ప్రెస్ ఎక్కించంగనే పక్క కంప్యూటర్‌కు అందదు. ఎస్‌క్యూఎల్ సర్వర్ కాన్ఫిగరేషన్ మేనేజర్‌ల టీసీపీ ఐపీని (నెట్‌వర్క్ మీద మాట్లాడే పద్ధతి) ఆన్ చెయ్యాలె. అండ్లనే ఐపీ ఆల్ కింద డైనమిక్ పోర్టు గడి ఖాళీ చేసి, టీసీపీ పోర్టుల 1433 రాసి, సర్వీసు రీస్టార్ట్ చెయ్యాలె. ఫైర్‌వాల్‌ల కూడా ఆ పోర్టు తెరవాలె. గుమస్తాకు చదివే, రాసే హక్కులున్న వేరే లాగిన్ ఇయ్యండి. ఎస్ఏ (అన్ని హక్కులుండే అడ్మిన్ లాగిన్) పాస్‌వర్డ్ ఎవ్వరి చేతికీ ఇయ్యొద్దు.

ప్రతి కంప్యూటర్‌ల యాక్సెస్‌ను సర్వర్‌తోటి కలిపే ఓడీబీసీ డ్రైవర్ ఉండాలె. ఆఫీస్ 32 బిట్టా 64 బిట్టా ముందుగాల చూడుండ్రి, డీఎస్ఎన్ (కనెక్షన్ వివరాలు దాచే సెట్టింగు) గూడ దానికి తగ్గదే కావాలె. డ్రైవర్ 18 అయితే ఎన్‌క్రిప్షన్ తప్పనిసరి అనుకుంటది కాబట్టి సర్టిఫికెట్ ఎర్రర్ వస్తది. మిల్లు లోపలి నెట్‌వర్కే అయితే ట్రస్ట్ సర్వర్ సర్టిఫికెట్‌కు టిక్కు పెడితే సరిపోతది. ఇంటర్నెట్ మీదికెళ్లి వచ్చేటట్టయితే అట్ల చెయ్యొద్దు, అసలు సర్టిఫికెట్ పెట్టించుండ్రి.

ఇగ యాక్సెస్‌ల ఎక్స్‌టర్నల్ డేటా, న్యూ డేటా సోర్స్, ఫ్రమ్ డేటాబేస్, ఫ్రమ్ ఎస్‌క్యూఎల్ సర్వర్. అక్కడ ఇంపోర్ట్ కాదు, లింక్ ఎంచుకోవాలె. ఇంపోర్ట్ చేస్తే కాపీ వస్తది, అండ్ల రాసింది సర్వర్‌కు చేరదు. ఫైల్ డీఎస్ఎన్ వాడితే కనెక్షన్ వివరాలు లింకుల్లనే నిలుస్తయి. టేబుల్ పేర్ల ముందు డీబీఓ అని తగులుతది. పాత లోకల్ టేబుల్ పేరు మార్చి, ఆ పాత పేరునే లింకుకు పెడితే ఫారాలు ఎప్పటిలెక్కనే నడుస్తయి.

అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడ. సర్వర్ టేబుల్‌కు ప్రైమరీ కీ (ప్రతి రికార్డును వేరుగ గుర్తించే కాలమ్) లేకపోతే, లింక్ చేసేటప్పుడు యాక్సెస్ ఏది యూనిక్ అని అడుగుతది. ఏదీ చెప్పకుంటే ఆ టేబుల్‌ను చదువుడే, రాసుడు ఉండదు. చిట్టీ నంబరు ప్రతి సీజన్‌ల మళ్లీ 1 నుంచి మొదలైతది కాబట్టి దాన్ని కీ చెయ్యొద్దు. సర్వరే వరుస నంబరు వేసే ఐడెంటిటీ కాలమ్ ఒకటి పెట్టుండ్రి.

రెండోది తేమ శాతం. దాన్ని ఫ్లోట్‌ల (దశాంశాన్ని ఉజ్జాయింపుగ దాచే రకం) పెడితే, 16.8ని 17 చేసి సేవ్ కొట్టినప్పుడు వేరేవాళ్లు ఈ రికార్డు మార్చిన్రు అని యాక్సెస్ అడ్డం పడొచ్చు, ఎవరూ ముట్టకున్నా సరే. రికార్డు మారిందా లేదా అని పాత విలువలన్నిటినీ పోల్చి చూస్తది. ఫ్లోట్‌ల చివరి అంకెలు కలవవు. పైసలు ముట్టినయా అనే బిట్ (అవును/కాదు) కాలమ్ నల్‌గ (ఖాళీగ) ఉన్నా ఇదే గోల. తేమకు డెసిమల్ (అంకెలను ఉన్నదున్నట్టు దాచే రకం), బిట్‌కు డిఫాల్ట్ 0 పెట్టి, పాత నల్‌లన్నీ 0 చేసి, టేబుల్‌ల రోవెర్షన్ కాలమ్ (రికార్డు మారినప్పుడల్లా సర్వరే మార్చే విలువ) ఒకటి చేర్చుండ్రి. అప్పుడు యాక్సెస్ ఆ ఒక్క కాలమ్‌నే పోల్చుకుంటది. చేర్చినంక లింక్డ్ టేబుల్ మేనేజర్‌ల రిఫ్రెష్ చేస్తేనే అది కనబడతది.

రైతుల పేర్లు తెలుగుల రాస్తే ఆ కాలమ్‌కు ఎన్‌వార్‌క్యార్ (nvarchar) రకం వాడాలె, లేకుంటే ప్రశ్నార్థకాలే మిగులుతయి.

ఎక్స్‌ప్రెస్‌ల టైముకు పనులు నడిపే ఏజెంట్ ఉండదు. కాబట్టి బ్యాకప్‌కు విండోస్ టాస్క్ షెడ్యూలర్‌ల ఎస్‌క్యూఎల్ కమాండ్ (sqlcmd) తోటి బ్యాకప్ ఆదేశం పెట్టి, రాత్రి కాంటా బందైనంక నడిచేటట్టు చేసి, ఆ ఫైలును వేరే డిస్కుకు కాపీ చెయ్యుండ్రి.