ఈటింగ్ డిజార్డర్ ఉన్నవాళ్లు "చికిత్స వద్దు" అంటే ఇంట్లోవాళ్లు ఏం చేయాలి

అనోరెక్సియా (లావైపోతామన్న భయంతో తిండి బాగా తగ్గించేసే ఈటింగ్ డిజార్డర్) ఉందని తేలినంత మాత్రాన వాళ్లకి చికిత్స గురించి నిర్ణయం తీసుకునే సామర్థ్యం పోయినట్టు కాదు, వద్దన్నంత మాత్రాన పోయినట్టూ కాదు. అలాగని గడగడా తెలివిగా మాట్లాడుతున్నారు కదా అని ఊరుకోకండి, ఈ జబ్బుతో చిక్కంతా అక్కడే.

ఆ సామర్థ్యం ఉందో లేదో తేల్చడానికి డాక్టర్లు మామూలుగా నాలుగు చూస్తారు, 1988లో అమెరికాలో అపెల్‌బామ్ అనే మానసిక వైద్యుడు, గ్రిసో అనే మనస్తత్వవేత్త రాసిన పద్ధతి ఇది: చెప్పింది అర్థమైందా, అది తమకూ వర్తిస్తుందని నమ్ముతున్నారా, మంచిచెడ్డలు బేరీజు వేయగలరా, ఏదో ఒకటి తేల్చి చెప్పగలరా. మొదటిదీ చివరిదీ చాలామంది సులువుగా దాటేస్తారు. రక్తంలో పొటాషియం పడిపోతే గుండెకి ఏమవుతుందో మనకే పాఠం చెప్తారు. మీరు గమనించాల్సింది రెండోది. "తెలుసు, కానీ నాకేం కాదు" అంటున్నారా? ఆ మాట ఉన్నదున్నట్టు రాసుకుని డాక్టర్‌కి చూపించండి. "నాకూ జరగచ్చు, అయినా లావవడం కన్నా చావే నయం" అన్నారంటే ఇంకా కష్టం, ఎందుకంటే అది వాళ్ల మనసులో మాటో జబ్బు అనిపిస్తున్న మాటో పైకి తేలదు (చావు మాట వచ్చిందంటే డాక్టర్‌కి ఆ రోజే చెప్పాలి, అది వేరే సంగతి). జబ్బుకి ముందు వాళ్లకి ఏది ముఖ్యమో, దేనికోసం తపించేవాళ్లో డాక్టర్‌కి తెలీదు, మీకే తెలుసు. చెప్పండి. "ఏం జరిగితే మనసు మార్చుకుంటావు?" అని వాళ్లనీ అడిగి చూడండి.

అన్నిటికీ కలిపి ఒకేసారి అవునా కాదా అని అడగొద్దు. రక్తపరీక్ష, కౌన్సెలింగ్, అడ్మిషన్, ట్యూబ్ ద్వారా ఆహారం, వేటికవే వేరు. కౌన్సెలింగ్ గురించి చక్కగా ఆలోచించగలిగిన మనిషే బరువు మాట రాగానే బిగుసుకుపోవచ్చు. ఇవాళ్టి జవాబు కూడా శాశ్వతం కాదు. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో ఆరోగ్యంగా ఉన్న 36 మంది మగవాళ్లకి నెలల తరబడి తిండి తగ్గించి చూస్తే వాళ్లకీ చిరాకు, దిగులు, రాత్రీపగలూ తిండి గోలే. అంటే తిండి లేకపోవడమే ఆలోచనని మార్చేస్తుంది. అందుకే ఒంట్లోకి కాస్త ఆహారం వెళ్లాక అదే ప్రశ్న మళ్లీ అడగమని డాక్టర్‌ని పట్టుబట్టండి.

"సరే" అన్నా కూడా చూసుకోవాలి. "ఒప్పుకోకపోతే కట్టేసి ట్యూబ్ వేయిస్తాం" అని బెదిరిస్తే వచ్చే సంతకం సమ్మతి కాదు. చట్టం ఏ పరిస్థితిలో దేనికి ఒప్పుకుంటుందో డాక్టర్ నిజాయితీగా వివరించడం మాత్రం బెదిరింపు కాదు. ఈ చట్టాలు, మైనర్ల తరఫున ఎవరు సంతకం పెట్టాలనేది దేశాన్ని బట్టి మారతాయి, ముందే కనుక్కోండి.

స్పృహ తప్పుతున్నా, గుండె లయ తప్పుతున్నా ఈ చర్చంతా తర్వాత, ముందు ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. చాలాకాలం తిననివాళ్లకి ఇంట్లో బలవంతంగా ఒక్కసారే ఎక్కువ తినిపించొద్దు, రక్తంలో ఫాస్ఫేట్ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. వాళ్లు వద్దన్నా చికిత్స చేయాల్సి వచ్చినప్పుడు సూది ఏ చేతికి, పక్కన ఎవరుండాలి లాంటివైనా వాళ్లకే వదిలేయండి. కోలుకున్నాక, మళ్లీ తిరగబెడితే తమకి ఏం చేయాలో, ఏం చేయకూడదో వాళ్ల చేతే రాయించి ఒక కాపీ డాక్టర్ ఫైల్లో పెట్టించండి.