పండగయ్యాక స్కానింగుకి వెళ్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

సంక్రాంతికి ఊరొచ్చిన పిల్లలు తిరిగెళ్లేలోపు అమ్మానాన్నలకు పరీక్షలన్నీ చేయించేద్దామనుకుంటారు. శ్రీకాకుళంలో విశాఖ బస్సెక్కే ముందు:

– గర్భమేమోనన్న అనుమానం ఉంటే, నెల తప్పి రెండు రోజులే అయినా, ముందే చెప్పేయండి. ఎక్స్‌రే, సీటీ స్కాన్‌లలో వాడే రేడియేషన్ కణంలోని డీఎన్‌ఏని తెంపుతుంది. వేగంగా విభజించుకునే కణాలకు దాన్ని బాగుచేసుకునే వ్యవధి ఉండదు. 8 నుంచి 15 వారాల మధ్య బిడ్డ మెదడుకు ముప్పు ఎక్కువ. తెలియక ఛాతీ ఎక్స్‌రే తీయించుకుని ఉంటే మాత్రం కంగారుపడి కడుపు తీయించుకోకండి. బిడ్డకు చేరేది అత్యల్పం.

– పాత ఫిల్ములు, సీడీలు పట్టుకెళ్లండి, తీసిందే మళ్లీ తీయించే పని తప్పొచ్చు. ఛాతీ ఎక్స్‌రే డోసు సుమారు 0.1 మిల్లీసీవర్టే (ఒంటికి అందే రేడియేషన్‌ని కొలిచే లెక్క ఇది). కడుపు సీటీకి 8 నుంచి 10 దాకా ఉంటుంది. నేల, గాలి, ఆకాశం నుంచి మనకు సగటున ఏడాదికి అందేది 2.4. మా అమ్మ ఫిల్ములు బీరువాలో చీరల కింద ఒకదానికొకటి అతుక్కుపోయి దొరికాయి, అదీ రెండోసారి సీటీ తీయించేశాక! అవసరమని డాక్టరు చెప్పిన సీటీని మాత్రం భయంతో మానొద్దు.

– కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మన ఉద్దానం వాళ్లు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష) రిపోర్టు తప్పక చూపించండి. ఇది రేడియేషన్ సంగతి కాదు, కొన్ని సీటీలకు బొమ్మ స్పష్టంగా రావడానికి నరానికి ఎక్కించే మందుతో కిడ్నీలకు వచ్చే టెన్షన్.

– పిల్లలకైతే డోసు తగ్గించి తీస్తారా అని అడగండి. వాళ్ల కణాలు సున్నితం.

– తోడు వెళ్లినవాళ్లు గది బయటే ఉండండి. లోపల ఉండక తప్పకపోతే సీసం ఆప్రాన్ అడిగి వేసుకోండి.

– అల్ట్రాసౌండ్, ఎమ్మారైలకు ఈ రేడియేషన్ గొడవే లేదు, వాటిలో ఎక్స్‌రే కిరణాలుండవు.